పావురాలకోటలో పదిహేడు మెట్లు

వానలేని 611వ రోజు

పందొమ్మిది బిందెలు.

ఈ పుస్తకం వలలు కాసేవాళ్ళది. తెల్లారగానే మిట్ట మీద కట్టిన మంచువలల్ని దులిపి, కింద తొట్టిలోకి ఎన్ని బిందెల నీళ్ళు చేరాయో ఇందులో రాయాలి. అంతకు మించి రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తుంటాను. నా పేరు హనుమక్క, వయసు అరవై నాలుగు. చెరుపు రాకముందు చారిత్రక నవలలు రాసేదాన్ని. ఇప్పుడు వలల్లో చిక్కిన సాలెగూళ్ళు ఏరుతున్నాను. రెండు పనులకూ కావలసింది ఓపికే, రెండింటికీ పెద్దగా పేరు రాదు.

పోయిన నెల ఇదే రోజు నలభై ఒక్క బిందెలు వచ్చాయి. వలమిట్టలో నూట పద్దెనిమిది మందిమి ఉన్నాం. ఇది ఎటు పోతుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం శివగంగ వచ్చింది. నా చెల్లెలి కూతురు. తల్లి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, అప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు ముప్పై మూడు, బావులు తవ్వే జట్టుకు మేస్త్రి. ఈ ఏడు నాలుగు బావులు తవ్వింది, నాలుగింటా బండే పడింది. అరచేతులు చూపించమంటే చిన్నపిల్లలా వెనక్కి దాచుకుంది.

"అయిదోది యాడ తవ్వాల్నో నువ్వే చెప్పు పెద్దమ్మా," అంది.

"నాకు నేల సంగతి ఏం తెలుసే? నాకు తెలిసిందల్లా పుస్తకాలు."

"ఆ పుస్తకాల్లోనన్నా నీళ్ళు ఉండాయేమో చూడు," అని నవ్వి, నా చెంబులో మిగిలిన రెండు గుక్కలు తాగకుండానే వెళ్ళిపోయింది.

614వ రోజు

పదిహేడు.

ఈ రోజు ఊరంతా కూటానికి చేరింది. ఊరిపెద్ద నరసింగప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇంక సాక్షిని అడగాల్సిందే," అని కూర్చున్నాడు.

సాక్షి అంటే ఊరి మధ్య రాతిగదిలో ఉన్న యంత్రం. దాన్ని చూసుకునేది దస్తగిరి. దాని ఎండపలకల మీది దుమ్మును పొడిగుడ్డతోనే తుడుస్తాడు, తడిగుడ్డ వాడి ఏడాదిన్నర అయింది. చెరుపులో లోకంలోని యంత్రాలన్నిటిలో రాతలు వారం రోజుల్లో మాసిపోయాయి. తర్వాత ఎక్కడెక్కడో మిగిలిన ముక్కల్ని ఏరి సాక్షిలో పోశారు. అట్టలు లేవు, రాసినవాళ్ళ పేర్లు లేవు, ఏది శాసనమో ఏది పెళ్ళిపిలుపో దానికి తెలియదు. అందుకని దానికొక సూత్రం నేర్పారు: ఒకే సంగతి మీద రెండు రాతలు దొరికితే, వివరం ఎక్కువున్నదే నిజం. అబద్ధం చెప్పేవాడు వివరాల జోలికి పోడని వాళ్ళ నమ్మకం కాబోలు. పాపం, వాళ్ళకు నవలలు రాసేవాళ్ళతో పరిచయం లేదు.

దస్తగిరి అడిగాడు, ఇటు పక్క కరువులో నీళ్ళు దొరికిన చోటు ఏదైనా ఉందా అని.

సాక్షి ఏ తొందరా లేని గొంతుతో చెప్పింది. "పావురాలకోట. నాలుగు రోజుల నడక. శత్రువులు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా, బావి లేని ఆ కోటలో మూడు వందల పన్నెండు మంది బతికారు. ధాన్యపు కొట్టు అడుగున పదిహేడు మెట్లు ఉన్నాయి. పన్నెండో మెట్టు దగ్గర గబ్బిలాల కంపు మొదలవుతుంది. పదిహేడో మెట్టు ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ నిలబడి గంగి చెయ్యి చాపితే, వేళ్ళకు చీకటి కంటే చల్లగా నీళ్ళు తగిలాయి."

నేను గోడకు ఆనుకున్నాను. ఆ మాటలు నావి. ఇరవై ఆరేళ్ళ వయసులో రాసిన నవల, పదకొండో అధ్యాయం. ఆ 'చీకటి కంటే చల్లగా' దగ్గర రెండు రోజులు కూర్చున్నాను, ఇప్పుడు వింటే కాస్త అతిగానే ఉంది.

ఇప్పుడు సిగ్గుపడే సంగతి రాయాలి. నేను లేచి నిజం చెప్పలేదు. సంతోషపడ్డాను. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత నా వాక్యాన్ని పైకి చదువుతుంటే, ఎదురుగా ఊరు ఊరంతా నోరు తెరుచుకుని వింటుంటే, ఈ ఒక్క పూట అనుభవిద్దాం, రేపు చెబుదాం అనుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు.

616వ రోజు

పదహారు.

ఇంకా చెప్పలేదు. నిన్న చెబుదామనుకున్నాను. నిన్న దారిలో కలిసిన ఆడవాళ్ళు ఎన్నాళ్ళకో నవ్వుతూ కనిపించారు.

పావురాలకోటను నేను నిజంగానే చూశాను. ఆచారి సారు వెంట వెళ్ళాను. ఆయన పాత శాసనాలు చదివేవారు, నాకు ఆ అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. ధాన్యపు కొట్టు ముందు విరిగిన రాయి ఒకటి గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. మిగిలింది పై సగమే, అది చదివాం. "శత్రువులు చుట్టుముట్టిన ఎనిమిది నెలలును కోటలోని మున్నూట పన్నిద్దరు జనులలో ఒక్కరును తలుపు తెఱవరైరి. వారు." అంతే. 'వారు' దగ్గర రాయి విరిగిపోయింది.

నేను కోట అంతా తిరిగాను. బావి లేదు, బండల్లో నీళ్ళు నిలిచే దొన లేదు, వాన నీళ్ళు పట్టే తొట్టి లేదు. మరి ఎనిమిది నెలలు ఎలా బతికారు? నవల దొరికిందని అప్పుడే తెలిసిపోయింది. ఆచారి సారు నీడన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే ఆయన ఒకటే అన్నారు.

"బతికినోళ్ళే గదమ్మా రాయి చెక్కించేది. ముందు ఈ రాయి ఎవరు చెక్కించినారో కనుక్కో."

ఆ మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. ఎక్కనివ్వలేదు అనాలి. అప్పటికి మా నాన్న పోయి నెల. ఆ ఏడు నాకు ఎవరో ఒకరు బతకడం అవసరమైంది. అందుకని మూడు వందల పన్నెండు మందిని బతికించాను. రాతిని తొలిచి నీళ్ళు తెచ్చిన గంగి అనే బావులు తవ్వే మనిషిని పుట్టించాను. జనం ఏడుస్తూ చదివారు. తర్వాత చెల్లెలికి ఆడపిల్ల పుడితే ఆ పేరు కలిపి శివగంగ అని పెట్టించాను. రోజూ పడుకునే ముందు దానికి ఆ కథే చెప్పేదాన్ని.

618వ రోజు

పదమూడు.

ఈ రోజు చెప్పాను. అప్పటికే తోపుడుబండ్లకు తాళ్ళు బిగిస్తున్నారు. ఊరి తొట్టిని అడుగంటా తోడి బిందెలు నింపుతున్నారు. ఊళ్ళో అందరూ బయలుదేరాలని, ఇక్కడ ఉండి చేసేదేమీ లేదని తీర్మానం అయిపోయింది.

"నరసింగప్పా, అది నవల. నేను రాసింది. ఆ మెట్లు లేవు, ఆ నీళ్ళు లేవు," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నడ్సలేనని భయపడతాండావా అక్కా? నిన్ను బండి మీద ఎక్కిస్తాం."

"నడక సంగతి కాదు. గంగి అనే మనిషే లేదు. నేను కల్పించాను."

దస్తగిరి మంచివాడు. సాక్షినే మళ్ళీ అడిగి వచ్చాడు. "పావురాలకోట మీద మూడు రాతలు ఉండాయంట అక్కా. రెండేమో ఒక్కో వరుస. 'కరువు వచ్చింది, జనం పోయారు', అంతే. ఇదొక్కటే నూట అరవై పుటలు. దీనంత వివరం దేంట్లోనూ లేదంటాంది."

ఆ ఒక్కో వరుస రాసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళు నిజమే రాసి ఉంటారు, దానికి ఒక్క వరుసే పట్టింది.

ఇంటికి వచ్చి శివగంగకు చెప్పాను. గడ్డపారకు పిడి బిగిస్తూ తల ఎత్తకుండా విన్నది.

"లేనిదాన్ని అంత బాగా ఎట్ల చెప్తావు?" అంది.

"అదే నా పని."

"పన్నెండో మెట్టు కాడ గబ్బిలాల కంపు అని చెప్తాంటే నేను ముక్కు మూసుకునేదాన్ని. నువ్వు కూడా మూసుకునేదానివి. లేని కంపుకు ఎవరన్నా ముక్కు మూసుకుంటారా?"

మూసుకునేదాన్ని, నిజమే.

619వ రోజు

వలలు దులపలేదు. విప్పేశారు.

తెల్లవారకముందే నాకొక ఉపాయం తట్టింది. పెట్టె అడుగు నుంచి నవల తాలూకు చిత్తుప్రతి తీశాను. అది ఒక్కటే మిగిలింది. నీళ్ళు ఎక్కడ దొరకాలో తేల్చుకోలేక అప్పట్లో మూడుసార్లు రాసి కొట్టేశాను. మొదటిసారి ఏనుగుల సాలలో, రెండోసారి పావురాల బండ చీలికలో, మూడోసారి ధాన్యపు కొట్టు కింద. కొట్టివేతలు చూస్తే ఎంత మొండివాడికైనా ఇది కట్టుకథ అని అర్థమవుతుంది కదా అని, కూటం ముందు పుటలు తిప్పి చూపించాను. "చూడండి, నాకే తెలియదు నీళ్ళు ఎక్కడో. నాకు నచ్చిన చోట పెట్టుకున్నాను."

నరసింగప్ప పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. నా దస్తూరీని వేలితో తడుముతూ చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూడు చోట్ల వెదికింది అక్క," అన్నాడు జనం వైపు తిరిగి. "సాక్షి ఒక్క చోటే చెప్పింది. ఈమె మూడు చూపిస్తాంది. జట్టును మూడు చేద్దాం."

నేను నోరు మూసుకుని ఉంటే ఒక్క గుంత తవ్వేవాళ్ళు. ఊరిని పెనం మీంచి పొయ్యిలోకి తోశానన్నమాట.

బావులు తవ్వేవాళ్ళలో ఒక ఆచారం ఉంది. నీళ్ళ చోటు చూపినవాళ్ళదే మొదటి గడ్డపార, నీళ్ళు పడ్డాక మొదటి దోసిలీ వాళ్ళదే. సాక్షికి చేతులు లేవు కాబట్టి ఎవరు వెయ్యాలా అని నిన్నటిదాకా చర్చ జరిగిందట. ఇప్పుడు చర్చ లేదు. నన్ను బండి ఎక్కించారు. సాక్షిని కదిలించే వీలు లేదు, రాతిగదిలోనే వదిలేశారు. దస్తగిరి వెళ్తూ వెళ్తూ పలకల్ని మరోసారి తుడిచాడు.

నూట ముప్పై బిందెలు, నాలుగు బండ్లు. మనిషికి రోజుకు ఒక చెంబు. వెళ్ళడానికి, అక్కడ ఐదారు రోజులు తవ్వడానికి సరిపోతాయి. తిరిగి రావడానికి సరిపోవు. ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తడం లేదు.

623వ రోజు

డెబ్బై ఎనిమిది బిందెలు.

వచ్చేశాం. కోట గోడలు చాలావరకు కూలాయి. ధాన్యపు కొట్టు పైకప్పు లేదు. విరిగిన రాయి అలాగే నిలబడి ఉంది, ఆ 'వారు' మీద ఎవరో పేరు చెక్కుకున్నారు.

పావురాలు లేవు. నా నవలలో వేలున్నాయి. నీళ్ళున్న చోటే పావురాలుంటాయని శివగంగకు చిన్నప్పుడే చెప్పాను. అది పావురాల బండ వైపు చాలాసేపు చూసింది.

మూడు చోట్లా నా చేతే గడ్డపార వేయించారు. మూడోసారి చేతులు లేవకపోతే నా వేళ్ళ మీద శివగంగ తన వేళ్ళు వేసి పట్టుకుంది. పొడిగాలికి ఎండిన చర్మం, కాయలు. నేను ఏడ్చాను. జనం అది భక్తి అనుకున్నారు.

626వ రోజు

ముప్పై తొమ్మిది.

ఏనుగుల సాలలో రెండు నిలువుల లోతున ఏకబండ. బండ చీలికలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రెండు జట్లూ ధాన్యపు కొట్టు గుంతకు వచ్చి చేరాయి. మంచువలల్ని గుంత మీద నీడ కోసం కట్టారు. ఈ పల్లంలో మంచు పడదు, వాటికి ఇక వేరే పని లేదు.

ఇక్కడ జరుగుతున్నది చూస్తే భయమేస్తోంది. రాతిలో గట్టులాంటిది ఒకటి బయటపడింది. "మొదటి మెట్టు," అన్నారు ఎవరో. తర్వాత ఇంకో గట్టు. ఇప్పటికి ఎనిమిది లెక్కపెట్టారు. నేను దిగి చూశాను. అవి మెట్లు కావు, బండ పొరలు. ఆ మాటే అన్నాను. నరసింగప్ప చిన్నగా నవ్వి, "రాసినామెకు దిష్టి భయం ఉంటాది," అన్నాడు.

సాయంకాలం ఒకావిడ పైకి వచ్చి, లోపల గబ్బిలాల కంపు కొడుతోందని చెప్పింది. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. వాళ్ళ ముఖాల్లో అబద్ధం లేదు. నా నవలకు ఇంత మంచి పాఠకులు అప్పట్లో కూడా లేరు.

628వ రోజు

పదమూడు బిందెలు. రేపటికి సరి.

పొద్దున పదకొండు గంటల వేళ గుంతలోంచి శివగంగ పిలిచింది. పన్నెండో గట్టు పక్కన, మట్టిలో బోర్లా పడి ఒక రాతిపలక. తిప్పితే అక్షరాలు. విరిగిన అంచు చూడగానే గుర్తుపట్టాను. పైన నిలబడి ఉన్న రాయికి ఇది కింది సగం.

తాళ్ళు కట్టి పైకి లాగారు. జనమంతా మూగారు. ఆ అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. శివగంగ తన పైటచెంగుతో మట్టి తుడుస్తుంటే, ఒక్కో వరుసా బయటపడింది. నేను మనసులో చదువుకున్నాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"పదునొకండవ దినము మొదలు పొగ పెట్టరైరి, పలుకరైరి. దాగియున్నారని తలచి మేము ఎనిమిది నెలలు కాచితిమి. పిదప తలుపు విఱిచి చూడ, నీరు లేక అందఱును పోయియుండిరి. వారిని దహించి, మా పాపము తీరుటకై ఈ రాయి నిలిపితిమి."

రాయి చెక్కించింది కోటలో వాళ్ళు కాదు, కోటను ముట్టడించినవాళ్ళు. పదకొండు రోజుల్లోనే లోపల అంతా అయిపోయింది. తలుపు తెరవలేదంటే పౌరుషం అనుకున్నాను, తెరవడానికి ఎవరూ లేరు. ముప్పై ఎనిమిదేళ్ళు నన్ను ఊరించిన చిక్కుముడి ఇంతే. ఆచారి సారు శనక్కాయలు ఒలుచుకుంటూ సగం విప్పేశారు, నేనే వినలేదు.

"ఏముంది అక్కా?" అన్నాడు నరసింగప్ప. ఆయన పెదాలు పగిలి ఉన్నాయి. ఆయన వెనక నూట పదహారు మంది.

పది రోజుల కిందట ఈ రాయి దొరికి ఉంటే ఊరిని ఆపేది. అప్పుడు నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు. ఇప్పుడు రాయి ఉంది, వెనక్కి నడవడానికి నీళ్ళు లేవు. నిజం చెబితే వాళ్ళకు మిగిలేది ఇక్కడ కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే. నాకు ధైర్యం చాలలేదు. దయ అని పేరు పెట్టుకోవచ్చు, కానీ ధైర్యం చాలలేదు అన్నదే సరైన మాట.

పలక మీద వేలు పెట్టి, వరుస వెంట కదుపుతూ చదివాను. "పదిహేడో మెట్టు కడ రాతి మూత ఉన్నది. దానిని తొలిచినవారికి నీరు. తొలుచువారు తొందరపడరాదు."

జనం నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. కొందరు కూర్చుండిపోయి నవ్వారు. దస్తగిరి కళ్ళు మూసుకుని దువా చేశాడు. జట్టువాళ్ళు చేతులు దులుపుకుని గుంత వైపు వెళ్ళారు.

శివగంగ మాత్రం కదల్లేదు. నా పక్కనే కూర్చుని, పలకను మళ్ళీ బోర్లా తిప్పింది.

"నాలుగేండ్లప్పటి నుంచి ఆ గొంతు వింటాండాను పెద్దమ్మా," అంది నాకు మాత్రమే వినపడేట్టు. "అది రాయి చదివే గొంతు కాదు."

దాని చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకోలేదు, కాసేపు అలాగే ఉండనిచ్చింది.

"సరేలే," అంది. "ఇంకెన్ని మెట్లు ఉండాయి?"

"ఐదు."

"మొదటి దోసిలి నీదే. గుర్తు పెట్టుకో." గడ్డపార తీసుకుని, వలల నీడలోంచి కిందికి దిగిపోయింది. కాసేపటికి బండ మీద దెబ్బలు మొదలయ్యాయి. తొందరపడకుండా కొడుతోంది, నేను చదివినట్టే.

ఈ పుస్తకాన్ని ఆ పలక కింద పెడతాను. దొరికినవాళ్ళ కోసం రాస్తున్నాను. మాది వలమిట్ట, నూట పద్దెనిమిది మందిమి. పావురాలకోటలో నీళ్ళు లేవు, ఎన్నడూ లేవు. ఈ పుస్తకంలో మీకు సగమే మిగిలి ఉంటే, మిగతా సగంలో మేము బతికామని రాయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. దయచేసి రాయకండి. మీ తర్వాత ఎవరో దాహంతో వస్తారు.